టేపులో గొంతు, అంకెల్లో గొంతు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమావేశంలో డి.ఎ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్తు కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. వాటి మీద నాకన్నా బాగా చెప్పగలవారు ఈ హాలులోనే ఉన్నారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, అందరికీ ఇంట్లో పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు పట్టుకున్న పిచ్చి టేపురికార్డరు. అది ఇప్పటికీ వదలలేదు. కనుక పాత టేపు మంచిదా, కొత్త డిజిటల్ మంచిదా అనే విషయం మీద నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో ఎల్.డి.సి.గా చేరి, యు.డి.సి.గా విరమించినవాణ్ణి. నాకు తెలిసిన భాష రిజిస్టర్ల భాష, ఫైళ్ల భాష. అందులోనే చెబుతాను. తప్పకుండా అర్థమవుతుందని నా నమ్మకం, ఎందుకంటే మీరందరూ ఆ రిజిస్టర్లు రాసినవారే.

మనలో చాలామంది ఇళ్లలో అటక మీద ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో పాత క్యాసెట్లు ఉంటాయి. పిల్లలు వచ్చినప్పుడల్లా "నాన్నగారూ, ఈ చెత్త ఎందుకండీ, పారేద్దాం" అంటారు. అందులో సినిమా పాటలుంటే పారేసినా నష్టం లేదు, ఎక్కడైనా దొరుకుతాయి. కాని ఆ పెట్టెలో మన అమ్మగారి గొంతు ఉండవచ్చు. పిల్లవాడు మొదటిసారి పద్యం అప్పజెప్పిన మాటలు ఉండవచ్చు. దుబాయి నుంచో, మస్కట్ నుంచో ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్టు ఉండవచ్చు. అవి లోకంలో ఇంకెక్కడా లేవు. వాటిని ఏం చెయ్యాలన్నదే నా అసలు ప్రశ్న. టేపు గొప్పా, డిజిటల్ గొప్పా అన్నది తేలితేనే దానికి జవాబు దొరుకుతుంది.

టేపు పుట్టుక

డెన్మార్కు దేశస్థుడైన వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో ధ్వనిని ఎక్కించే యంత్రం తయారుచేశాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో దానిని పెట్టినప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్జ్ జోసెఫ్ దాని ముందు మాట్లాడాడు. ఆ మాటలు ఇప్పటికీ వినవచ్చు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ తీగకు బదులు కాగితం పట్టీ మీద ఇనుము పొడి పూత పూశాడు. 1935లో ఏ.ఇ.జి. అనే జర్మను కంపెనీ బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యంలో ఉన్న జాన్ మల్లిన్ అలాంటి యంత్రాలు రెండు తన దేశానికి పట్టుకుపోయాడు. 1947లో అక్కడి ప్రఖ్యాత గాయకుడు బింగ్ క్రాస్బీ రేడియో కార్యక్రమం టేపు మీద ఎక్కించి ప్రసారం చేశారు. అక్కడినుంచి టేపు లోకమంతా పాకింది.

మనకు తెలిసిన చిన్న క్యాసెట్టు 1963లో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే ఇంజనీరు నాయకత్వంలో దానిని తయారుచేశారు. యంత్రం ఎంత చిన్నదిగా ఉండాలో తేల్చుకోవడానికి ఆయన కోటు జేబులో పట్టే ఒక చెక్క ముక్కను కోయించి, ఇదీ కొలత అన్నాడట. ఆయన 2021లో కాలం చేశారు. ఆ చెక్క ముక్క పుణ్యమా అని, స్పూలు టేపు కొనే తాహతు లేని మనలాంటి గుమాస్తాల ఇళ్లలోకి కూడా రికార్డింగు వచ్చింది.

తుప్పు చేసిన మేలు

టేపు అంటే పలచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద ఐరన్ ఆక్సైడు, అంటే మన భాషలో మెత్తగా నూరిన తుప్పు, జిగురుతో కలిపి పూత పూస్తారు. మైకులో మాట్లాడితే ఆ ధ్వని హెచ్చుతగ్గుల విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు రికార్డింగు హెడ్‌లోకి వెళితే హెడ్ అయస్కాంతమవుతుంది. టేపు దాని ముందు నుంచి జరుగుతూ ఉంటే ఆ తుప్పు రేణువులు ధ్వని ఎలా పెరిగి తగ్గిందో అలాగే అయస్కాంతాలవుతాయి. వినేటప్పుడు ఇదే పని వెనక నుంచి ముందుకు జరుగుతుంది. ధ్వనికి పోలికగా ఇంకొక గుర్తు పడుతుంది కనుక దీనిని అనలాగ్ అంటారు.

క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. సి-90 క్యాసెట్టులో ఒక వైపు 45 నిమిషాలకు సుమారు 128 మీటర్ల టేపు ఉంటుంది. దాని వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. అందులోనూ సగమే ఒక వైపుకు. స్టూడియోల్లో పావు అంగుళం టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు నడిచేది, అంటే మన క్యాసెట్టుకు ఎనిమిది రెట్ల వేగం. ఎంత ఎక్కువ టేపు ఖర్చయితే ధ్వని అంత బాగుంటుంది. పేదవాడి క్యాసెట్టులో వెనకాల సర్రుమనే చప్పుడు రావడానికి కారణం ఇదే. తుప్పు రేణువులు తక్కువ, వాటి సొంత చప్పుడు ఎక్కువ.

గోదావరి గేజి లెక్క

డిజిటల్ అంటే ఏమిటో గోదావరి వరద రిజిస్టరుతో చెబుతాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని ఈ ప్రాంతం వారందరికీ కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన రాత్రుల్లో మా ఆఫీసులో నిద్ర లేదు. గంట గంటకూ పైనుంచి వచ్చే గేజి రీడింగులు రిజిస్టరులో రాయడమే పని.

ఆలోచించండి. నది ఒక్క క్షణం కూడా ఆగదు. మనం మాత్రం గంటకొకసారి ఒక అంకె రాశాం. మరి మధ్యలో ఉన్న నది ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. గోదావరి ఒక గంటలో పదడుగులు పెరిగి మళ్లీ పదడుగులు తగ్గే నది కాదు. అందుచేత ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే వరద ఎలా వచ్చిందో, ఎలా తీసిందో ఉన్నదున్నట్టు తేలుతుంది.

అదే యానాం దిగువకు వెళ్లి చూడండి. అక్కడ సముద్రపు పోటు, పాటు రోజుకు రెండేసిసార్లు. అక్కడ రోజూ ఉదయం ఎనిమిదింటికే ఒక్కసారి రీడింగు తీశామనుకోండి. నీరు పదిహేను రోజులకొకసారి మెల్లగా పెరిగి తగ్గుతున్నట్టు దొంగ లెక్క వస్తుంది. రీడింగు తీసినవాడు అబద్ధం రాయలేదు. కాని చాలినన్నిసార్లు తీయలేదు. నీరు ఒకసారి పెరిగి తగ్గే లోపల కనీసం రెండుసార్లకు మించి చూడాలి. అంతకన్నా ఎక్కువసార్లు చూసినా కొత్తగా తేలేది ఏమీ ఉండదు.

ధ్వనికీ ఇదే సూత్రం. అమెరికాలో హ్యారీ నైక్విస్ట్ 1928లో ఈ దారి చూపించాడు. క్లాడ్ షానన్ 1949లో లెక్కతో సహా నిరూపించాడు. ఈలోగా 1937లో పారిస్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు టెలిఫోను మాటలను అంకెలుగా మార్చి పంపవచ్చని ఊహించాడు. మనిషి చెవి వినగలిగే అతి సన్నని ధ్వనిలో సెకనుకు సుమారు 20,000 కంపనాలుంటాయి. కనుక సెకనుకు 40,000 రీడింగులకు పైగా తియ్యాలి. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు తెచ్చిన సి.డి.లో సెకనుకు 44,100 రీడింగులు తీస్తారు. అంతకన్నా వేగమైన కంపనాలుంటే దొంగ లెక్క రాకుండా ముందే వడకట్టేస్తారు. ప్రతి రీడింగునూ 65,536 మెట్లున్న గేజి మీద చూసి రాస్తారు. గేజి మీద రెండు గీతల మధ్య నీరుంటే దగ్గరి గీతకు సర్ది రాస్తాం కదా, ఇక్కడా అంతే. ఆ సర్దుబాటు వల్ల వచ్చే తేడా అతి సన్నని చప్పుడుగా మిగులుతుంది. క్యాసెట్టు సర్రుమనే చప్పుడుతో పోలిస్తే అది లేనట్టే లెక్క.

"డిజిటల్‌లో ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుంది, మధ్యలోది పోతుంది" అని కొందరు సంగీతప్రియులు అంటారు. వారి మీద నాకు గౌరవమే. కాని ఆ మాట నిజం కాదు. వడకట్టిన ధ్వనిలో ఆ చుక్కల గుండా పోయే గీత ఒక్కటే ఉంటుంది. యంత్రం తిరిగి గీసేది ఆ గీతనే. పైగా డెబ్భై దాటిన మనలో చాలామందికి ఎనిమిది, పది వేల కంపనాల పైన వినపడటమే తగ్గిపోతుంది. నా మిత్రుడొకాయన టేపు ధ్వనికి మించింది లేదని గంటసేపు వాదించారు. ఆయన చెవిలో ఉన్న మిషన్ డిజిటల్‌దేనని చివర్లో గుర్తుచేశాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కార్బను కాపీ, లెడ్జరు అంకె

ఇక అసలు తేడాకు వద్దాం. టైపు మిషనులో నాలుగు కాగితాలు పెట్టి, మధ్య కార్బన్లు పెట్టి కొట్టిన రోజులు మీకు గుర్తే. పై కాగితం ఆఫీసరుకు, రెండోది సెక్షనుకు, మూడోది పరవాలేదు, నాలుగోది దైవాధీనం. ఆ నాలుగో కాపీ చూసి మళ్లీ కార్బను పెట్టి ఎత్తిరాస్తే ఎవరి పేరు ఎవరిదో తెలియదు. టేపు నకలు అలాంటిది. ఒక క్యాసెట్టు నుంచి ఇంకొక క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారీ చప్పుడు పెరుగుతుంది, సన్నని ధ్వనులు తగ్గుతాయి. బెల్టు సాగిన యంత్రంలో వేస్తే శ్రుతి కూడా మారుతుంది.

డిజిటల్ నకలు లెడ్జరు అంకె లాంటిది. 4,317 అని ఉంటే వందోసారి ఎత్తిరాసినా 4,317 అనే ఉంటుంది. చేతిరాత మారవచ్చు, అంకె మారదు. పొరపాటున ఒక అంకె తప్పు పడితే, అడ్డం మొత్తం, నిలువు మొత్తం సరిచూసి మనం పట్టుకునేవాళ్లం. సి.డి.లో కూడా అలాంటి సరిచూపు అంకెలు కలిపి రాస్తారు. రెండు మిల్లీమీటర్ల గీత పడి ఆ భాగం చదవలేకపోయినా, మిగిలిన అంకెల నుంచి పోయినవాటిని లెక్కగట్టి తెస్తుంది. ఈ రెండు సుగుణాలూ టేపుకు లేవు.

మరి టేపు ధ్వని హాయిగా ఉంటుందని ఎందుకంటారు? దానికీ కారణం ఉంది. గాయకుడు ఉన్నట్టుండి గొంతెత్తితే టేపు దానిని మెత్తగా సర్దుకుంటుంది. తుప్పు రేణువులు ఇక చాలు అన్నట్టు మెల్లగా నిండుతాయి. డిజిటల్‌లో గేజి పైగీత దాటితే అంతే సంగతులు, తల తెగినట్టు బరబరమంటుంది. అందుకే టేపులో పాడినవారి గొంతు కొంచెం గుండ్రంగా, నిండుగా వినిపిస్తుంది. ఆ నిండుతనం టేపు కలిపినది. కలిపినది కూడా ఇంపుగా ఉండవచ్చు, పప్పులో పోపులాగ. ఇప్పటికీ కొన్ని స్టూడియోలలో కావాలనే టేపు వాడుతున్నారు. వారికోసం అమెరికాలోను, ఫ్రాన్సులోను కొత్త టేపు తయారవుతూనే ఉంది.

డిజిటల్ అంతా ఒకటి కాదని కూడా గమనించాలి. సి.డి. ధ్వనికి నిమిషానికి సుమారు పది మెగాబైట్ల చోటు పడుతుంది. ఎం.పి.3 అనే పద్ధతిలో చెవికి అంతగా తెలియదనుకున్నవి తీసేసి దానిని పదో వంతుకు కుదిస్తారు. వాట్సాప్‌లో పంపే మాటలు ఇంకా కుదిస్తారు. వినడానికి అది చాలు. దాచడానికి చాలదు. ఒరిజినల్ ఫైలు ఆఫీసులో పెట్టుకుని, సారాంశం నోటు మాత్రం పైకి పంపేవాళ్లం కదా. సారాంశం ఉంచుకుని ఫైలు తగలెయ్యలేదు.

ఎవరు ఎలా పోతారు

వయసు మళ్లిన టేపు మనవాళ్లలాగే మెల్లమెల్లగా క్షీణిస్తుంది. చూపు మందగిస్తుంది, మాట తగ్గుతుంది, అయినా పలకరిస్తే పలుకుతుంది. నలభై ఏళ్ల నాటి క్యాసెట్టు సర్రుమంటూనైనా మాట్లాడుతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. కొన్ని రకాల స్పూలు టేపుల్లో జిగురు నీరు పీల్చి బంక కారి హెడ్‌కు అతుక్కుంటుంది. డిజిటల్‌ది గుండెపోటు. నిన్న రాత్రి వరకు బాగున్న హార్డు డిస్కు ఈ ఉదయం తెరుచుకోదు. ఇంట్లో రాసుకున్న సి.డి. మీద ఉండే రంగు పూత ఎండకూ వేడికీ చెడిపోతే, యంత్రం అందులో ఏమీ లేదంటుంది. హెచ్చరిక ఉండదు.

పెద్ద పెద్ద కంపెనీలకే ఇది తప్పలేదు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగి, అక్కడ దాచిన మాస్టరు టేపులు ఎన్నో కాలిపోయాయి. ఆ సంగతి పూర్తిగా బయటపడింది 2019లో. అదే 2019లో మైస్పేస్ అనే కంపెనీ, తమ కంప్యూటర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 వరకు జనం దాచుకున్న పాటలు పోయాయని చెప్పింది. మొదటిది టేపు, రెండవది డిజిటల్. ఒకటి నిప్పులో పోయింది, ఒకటి చప్పుడు లేకుండా పోయింది. రెండిటికీ జబ్బు ఒక్కటే. ఉన్నది ఒక్కచోటే ఉంది, ఇంకొక కాపీ లేదు.

మా ఇంటి క్యాసెట్టు

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 1983లో మా పెద్ద మేనకోడలి పెళ్లికి మా అమ్మ పాడిన పాటలు బావగారు మస్కట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్‌లో ఒక సి-90 క్యాసెట్టు మీద ఎక్కించాం. నలుగు పాటలు, మంగళహారతులు, చివర అప్పగింతల పాట. అమ్మ 1991లో పోయింది. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

2004లో దానిని ఒక దుకాణంలో ఇచ్చి సి.డి. చేయించాం. చప్పుడంతా తీసి శుభ్రం చేశామని ఆ దుకాణదారు సంతోషంగా ఇచ్చాడు. ఇంటికొచ్చి వింటే అమ్మ నీళ్లలో మునిగి పాడుతున్నట్టుంది. గాజుల చప్పుడు లేదు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం లేదు. ఉయ్యాలబల్ల కిర్రుమనడం లేదు. అవన్నీ అతని లెక్కలో చప్పుళ్లు. కొన్నేళ్లకు ఆ సి.డి. కూడా తెరుచుకోవడం మానేసింది. క్యాసెట్టు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

2019లో మా మనవడు ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చాడు. పాత సామాన్ల బజారులో మంచి డెక్కు ఒకటి వెతికి కొన్నాడు. దాని బెల్టులు మార్పించాడు. హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాడు. క్యాసెట్టు తీసి చూస్తే టేపును హెడ్‌కు నొక్కిపట్టే చిన్న ఉన్నిగుడ్డ ముక్క ఊడిపోయి ఉంది. "తాతయ్యా, టేపుకేం కాలేదు. పెట్టె పాడైంది, అంతే" అన్నాడు. స్క్రూలున్న వేరే క్యాసెట్టు విప్పి, అందులోకి ఈ టేపు చుట్టలు మార్చాడు. డెక్కులో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. పాట వింటూ దానిని వెంట్రుకవాసి తిప్పితే, మూసుకుపోయినట్టున్న గొంతు ఒక్కసారి తెరుచుకుంది. అప్పుడు వైరుతో కంప్యూటరుకు కలిపి, ఏదీ కుదించకుండా, ఏదీ శుభ్రం చెయ్యకుండా ఎక్కించాడు. 90 నిమిషాల క్యాసెట్టుకు 90 నిమిషాలు పట్టింది. ఇందులో అడ్డదారి లేదు.

గాజులతో సహా అమ్మ వచ్చింది. వెనక నుంచి నాన్నగారు "ఆవిడకి కాసిని మంచినీళ్లివ్వండర్రా" అనడం కూడా వచ్చింది. హారతి పాట రెండో చరణంలో ఇంకొక ఆడగొంతు అందుకుంటుంది. అది ఎవరిదో నాకు తెలియలేదు. మా తమ్ముడికీ, మరదలికీ తెలియలేదు. అక్కయ్యకు ఫోనులో వినిపించాం. నాలుగు మాటలు వినగానే, "ఒరేయ్, అది మన పక్కింటి మామ్మగారు కాదుట్రా! నువ్వు ఉద్యోగానికని ఊరు విడిచాక అమ్మకి సాయం ఆవిడే. పెళ్లికి పదిరోజులూ మనింట్లోనే ఉంది" అంది. 2022లో అక్కయ్య కూడా వెళ్లిపోయింది. ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగినవారు ఇప్పుడు మా వంశంలో ఎవరూ లేరు. ఆ రోజు కాగితం మీద రాసుకున్నాం కనుక ఆ మామ్మగారి పేరు మిగిలింది.

సభ్యులారా, నా ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇదే. టేపు ఇంకో పదేళ్లు బతకవచ్చు. యంత్రం వెతికితే దొరకవచ్చు. గొంతు ఎవరిదో గుర్తుపట్టేవారు ఎంతకాలం ఉంటారు? ఆ గుర్తుపట్టేవాళ్లం మనమే.

చెయ్యవలసిన పనులు

ఇప్పుడు తేలినదేమిటంటే, టేపు మూలపత్రం, డిజిటల్ నకలు. మూలాన్ని దాచాలి, నకలు తియ్యాలి. ఒకదాని కోసం ఇంకొకదాన్ని పారెయ్యకూడదు. ఆఫీసు పద్ధతిలో వరసగా చెబుతాను.

1. క్యాసెట్టు వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ చెవులు విరిచెయ్యండి. దాని మీద పొరపాటున ఇంకేదీ ఎక్కదు.

2. ఏళ్ల తరబడి మూలపడిన యంత్రంలో ముందు పనికిరాని క్యాసెట్టు వేసి చూడండి. టేపు నమలడం లేదని తెలిశాకే అమ్మగారి క్యాసెట్టు పెట్టండి. బూజు కనబడితే అసలు వెయ్యవద్దు, తెలిసినవారికి చూపించండి.

3. స్పీకరు ముందు ఫోను పెట్టి ఎక్కించవద్దు. యంత్రం నుంచి వైరుతో కంప్యూటరుకు కలపండి.

4. కుదించని వేవ్ రకంగా గాని, ఏదీ పోకుండా సర్దే ఫ్లాక్ రకంగా గాని దాచమని పిల్లలకు చెప్పండి. 24 బిట్లు, సెకనుకు 48,000 రీడింగులు తక్కువలో తక్కువ. అలా చేస్తే 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో సుమారు నలభై సి-90 క్యాసెట్లు పడతాయి. శుభ్రం చెయ్యాలని ఉంటే ఇంకొక కాపీ తీసి దాని మీద చెయ్యండి.

5. మూడు కాపీలు ఉండాలి. అవి కనీసం రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే ఊళ్లో, కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండాలి.

6. ఒక నోటుపుస్తకం పెట్టండి. క్యాసెట్టు నంబరు, తేదీ, ఊరు, సందర్భం, ఎన్నో నిమిషంలో ఎవరి గొంతు, వారు మనకేమవుతారు, అన్నీ రాయండి. తెలియని గొంతు ఉంటే ఆ నిమిషం రాసి, బంధువుల్లో పెద్దవారిని వెంటనే అడగండి.

7. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే రోజుల్లోనే ఈ కాపీలన్నీ ఒకసారి తెరిచి వినండి. మనం బతికే ఉన్నామని ట్రెజరీకి చెబుతాం, వారూ బతికే ఉన్నారని ఇంట్లోవాళ్లకు చెబుదాం.

8. నకలు అయ్యాక కూడా క్యాసెట్టును నిలువుగా, తేమా ఎండా తగలనిచోట ఉంచండి. స్పీకర్లు, మోటార్ల పక్కన పెట్టవద్దు. రేపు ఇంకా మంచి యంత్రం వస్తే మళ్లీ మూలానికే వెళ్లాలి.

చివరగా, మన గొంతుల మాట. క్యాసెట్టు కొనలేని కాలంలో మన తాతలు పోయారు. వారి మాట ఎలా ఉండేదో మనకే తెలియదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది. ఫాను ఆపి, తలుపు వేసి, ఫోను జానెడు దూరంలో పెట్టుకుని అరగంట మాట్లాడితే మన క్యాసెట్టుకన్నా బాగా వస్తుంది. సలహాలు, నీతులు అక్కర్లేదు. మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరో, మొదటి జీతం ఎంతో, 1977 నవంబరు తుపానులో ఎక్కడున్నారో, 1986 వరదలో ఏం చేశారో, ఆ ముచ్చట్లు చెప్పండి. మనవలకు ఇప్పుడు వినే తీరిక ఉండదు. పరవాలేదు, వాళ్లకూ డెబ్భై ఏళ్లు వస్తాయి.

మన సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. సంఘం గదిలో బాగుచేసిన క్యాసెట్టు డెక్కు ఒకటి, వైరు ఒకటి ఉంచాలి. నెలకు రెండు ఆదివారాలు సభ్యులు తమ క్యాసెట్లు తెచ్చుకుని తామే ఎక్కించుకునే ఏర్పాటు చెయ్యాలి. రిజిస్టరు నేను రాస్తాను, ఆ పని నాకు అలవాటే. పిల్లల్లో ఇద్దరు ముందుకొస్తే యంత్రం వాళ్లు చూస్తారు. ముందుగా ఒంటరిగా ఉన్నవారి క్యాసెట్లు, ఎనభై దాటినవారి క్యాసెట్లు తీసుకోవాలి. సీనియారిటీ లెక్క మనకు కొత్త కాదు. ఈ ప్రతిపాదనను సభ్యులు బలపరచవలసిందిగా కోరుతున్నాను.